నాయిన తలకిందుగా పట్టిన కెమెరా

చర్ల అవతలి అడవి పల్లెల్లో నర్సుగా పనిచేసిన రోజుల్లో నా దగ్గర ఒక డిజిటల్ కెమెరా ఉండేది. అరచేతిలో ఇమిడే వెండిరంగు డబ్బా. అప్పటికి నా ఫోను ఇంకా బటన్ల ఫోనే. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది జీతంలో మిగుల్చుకుని, సరదా కోసం కొనుక్కున్నాను ఆ కెమెరా. కానీ కొన్నాళ్లకే అది నా పనిలో భాగమైపోయింది. పసిబిడ్డకు నెలన్నర టీకా వేయడానికి వెళ్లినప్పుడు తల్లినీ బిడ్డనూ కలిపి ఒక ఫొటో తీసేదాన్ని. మీటింగుకు భద్రాచలం వెళ్లిన రోజు స్టూడియోలో ప్రింటు వేయించి, తర్వాతి టీకాకు వెళ్లినప్పుడు తల్లి చేతిలో పెట్టేదాన్ని. ఆ గూడేల్లో చాలా ఇళ్లలో ఉన్న ఫొటో అదొక్కటే. సూది అంటే భయపడి పోడు చేలల్లోకి వెళ్లిపోయే తల్లులు కూడా ఫొటో కోసమని వచ్చి కూర్చునేవాళ్లు.

మా ఆయన ఉద్యోగం వైరాలో. ఆదివారాలు మాత్రమే వచ్చి వెళ్లేవాడు. నేను ఒక్కదాన్నే ఉంటున్నానని మా నాయిన వచ్చి నా దగ్గరే ఉన్నాడు. బొగ్గుబావిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఆయన కుడిచేతికి చూపుడువేలూ నడిమివేలూ లేవు. బొగ్గు మోసే రెండు టబ్బుల మధ్య పడి నలిగిపోతే డాక్టర్లు తీసేశారు. అప్పుడు నాకు నాలుగేళ్లు. ఆ మరుసటి ఏడే మా అమ్మ జ్వరంతో పోయింది. బడికి పోయేటప్పుడు నాకు జడలు వేసింది ఆ చెయ్యే. ఒక జడ బిగువుగా, ఒకటి వదులుగా వచ్చేది. సాయంత్రానికి వదులుది ఊడిపోతే మళ్లీ వేసేవాడు.

వానలు కాస్త వెనక్కి తగ్గిన ఒక బుధవారం, వాగు అవతలి గూడేనికి టీకాలకు బయలుదేరాను. నాయిన కూడా వస్తానన్నాడు. వాగులో నీళ్లు మోకాళ్లు దాటి ఉన్నాయి. టీకాల డబ్బా తలమీద పెట్టుకుని, చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని నేను ముందు దిగాను. కెమెరా ఉన్న సంచి నాయినకిచ్చాను.

వాగు మధ్యలో ఉండగా వెనకనుంచి పిలిచాడు.

"బిడ్డా, ఒక్కసారి ఇటు చూడు!"

తిరిగి చూశాను. ఒడ్డున బండమీద నిలబడి, కెమెరా కళ్లముందు పెట్టుకుని ఉన్నాడు. నొక్కడానికి వేలు లేదు కదా, ఉంగరపువేలును బటన్ దాకా సాగదీస్తున్నాడు. నేను "వద్దు" అనేలోపే కెమెరా జారి బండమీద పడింది. అక్కడినుంచి దొర్లి నీళ్లంచున ఆగింది.

వెనక్కి వచ్చి చూస్తే దాని లెన్సు బయటికి వచ్చి పక్కకు ఒరిగిపోయి ఉంది. బటన్ నొక్కితే గరగరమంది, లోపలికి పోలేదు. తెర నల్లగా అయింది.

"నీకెందుకు నాయినా గీ పని? ఆ చేత్తోని!" అన్నాను.

నోటినుంచి వచ్చాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. నాయిన కెమెరాను తన తువ్వాలుతో తుడిచి, సంచిలో పెట్టి, నా వెంట వాగు దాటాడు. ఆ రోజు గూడెంలో పిల్లలందరికీ టీకాలు వేసేదాకా ఒక చింతచెట్టు కింద కూర్చున్నాడు. కుడిచెయ్యి తువ్వాలు కింద పెట్టుకుని కూర్చున్నాడు. అది నేను చూశాను. చూసి, మళ్లీ టీకాల డబ్బా వైపు తిరిగాను.

తర్వాత పది రోజులు ఇద్దరం మామూలుగానే ఉన్నాం. ఆయన బియ్యం ఏరేవాడు, నేను కూర చేసేదాన్ని. కెమెరా మాట మాత్రం ఎవరమూ ఎత్తలేదు. నా కాంట్రాక్టు జీతం రెండు మూడు నెలలకోసారి వచ్చేది. కొత్త కెమెరా కొనే ఆలోచనే నాకు లేదు.

ఒకనాడు పొద్దున్నే ఒక తల్లి మా ఇంటికి వచ్చింది. తొలి కాన్పు ఆమెది. బిడ్డకు నూనె రాసి, కళ్లకు కాటుక పెట్టి, ఎవరిదో కొత్త చొక్కా తొడిగి తెచ్చింది. చొక్కా బిడ్డ కాళ్లకింద దాకా వేలాడుతోంది. మూడు గంటలు నడిచి వచ్చానంది.

"నర్సమ్మా, ఫొటో" అంది.

కెమెరా పగిలిందని చెప్పాను. ఆమెకు తెలుగు అంతగా రాదు. అర్థం కాలేదేమోనని పగిలిన కెమెరా తెచ్చి చూపించాను. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని, ఒరిగిపోయిన లెన్సును మెల్లగా నిమిరి, తిరిగి ఇచ్చింది. మంచినీళ్లు తాగి, బిడ్డను భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

నాయిన అరుగు మీద కూర్చుని అంతా చూశాడు. ఆమె కనుమరుగయ్యాక లోపలికి వచ్చాడు.

"రేపు ఖమ్మం పోదాం" అన్నాడు.

"పైసలేవి నాయినా?"

"నా పింఛన్ల కొంచెం ఉన్నది. నీ దగ్గర ఉన్నది తియ్యి. కొత్తది రాకుంటే పాతది వస్తది. పాతది గూడ కెమెరానే గద."

తెల్లవారి మొదటి బస్సుకు భద్రాచలం, అక్కడినుంచి ఇంకో బస్సు. మధ్యాహ్నానికి ఖమ్మం చేరాం. రెండు పెద్ద దుకాణాల్లో కొత్తవాటి ధర అడిగి, టీ కూడా తాగకుండా బయటికి వచ్చాం. చివరికి ఒకాయన బస్టాండు వెనక సందులో కెమెరాలు బాగుచేసే మెకానిక్ ఉన్నాడని చెప్పాడు. మెట్లకింద ఇరుకు గది. మెకానిక్ నెరిసిన గడ్డం మనిషి. మా కెమెరాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీనికి పెట్టే ఖర్చుతోటి పాతది ఒకటి వస్తదమ్మా. కార్డు మాత్రం మంచిగున్నది. మీ ఫొటోలు యాడికి పోలే."

ఆ మాటకే నాకు సగం ప్రాణం లేచి వచ్చింది. ఆయన డబ్బాలోంచి మూడు పాత కెమెరాలు తీసి బల్లమీద పెట్టాడు. ఒకదాని తెర పగిలింది. ఒకటి బరువు. మూడోది నల్లది, గీతలు పడింది, బ్యాటరీ మూత సరిగా పడదు. కానీ ఫొటో బాగా వచ్చింది. ధర కూడా మాకు అందేలా ఉంది.

నేను దాన్ని నాయిన చేతిలో పెట్టాను. "నువ్వు తీసి చూడు" అన్నాను.

"నాకెందుకు బిడ్డా? నువ్వు చూసుకో."

"నేను టీకాలేసేటప్పుడు తియ్యాల్సింది నువ్వే. నాకు రెండు చేతులే గద ఉన్నయి."

నాయిన నా మొఖం వంక చూశాడు. తర్వాత కెమెరా ఎత్తాడు. ఉంగరపువేలు బటన్‌దాకా పోతోంది గానీ, అది నొక్కేసరికి కెమెరా జారిపోతోంది. రెండుసార్లు ప్రయత్నించి బల్లమీద పెట్టేశాడు.

మెకానిక్ అంతా గమనిస్తూనే ఉన్నాడు. కెమెరా తీసుకుని తలకిందులు చేసి నాయిన ఎడమచేతిలో పెట్టాడు. ఇప్పుడు బటన్ ఎడమవైపు, అడుగున ఉంది. సరిగ్గా బొటనవేలి కిందకు వచ్చింది.

"ఇప్పుడు నొక్కు పెద్దాయనా."

"బొమ్మ తలకిందులు రాదా?"

"వస్తది. తిప్పి చూసుకో. కాయితం తిప్పితే మనిషి నిలవడతడు."

నాయిన నొక్కాడు. మామూలుగా తిప్పి పట్టుకుంటే మెకానిక్ గడ్డమూ నవ్వూ తెరమీద తలకిందులుగా కనిపించాయి. కెమెరా మళ్లీ తిప్పి చూసుకుని నాయిన గట్టిగా నవ్వాడు. మా కార్డు తీసి నల్లదాంట్లో వేసి, పగిలినదాన్ని విడిభాగాల కోసం ఉంచుకుని మెకానిక్ ధర ఇంకొంచెం తగ్గించాడు. మూత ఊడకుండా ఒక రబ్బరు బ్యాండు కూడా చుట్టి ఇచ్చాడు.

తిరుగు బస్సులో నాయిన కిటికీ పక్కన కూర్చున్నాడు. పాల్వంచ దాటాక నేను ధైర్యం చేశాను.

"నాయినా, ఆ దినం వాగుకాడ నేనొక మాటన్న."

"అవ్, అన్నవు." ఆయన బయటికే చూస్తున్నాడు. "బాయిల పనిచేసేటప్పుడు అందరు అన్నోళ్లే. నొప్పి అనిపియ్యలే. నువ్వంటే మాత్రం అనిపించింది. మల్ల అనకు. గంతే."

"అనను."

"మరిగ ఏడుస్తవేంది? బస్సుల అందరు చూస్తున్నరు."

నేను చీరకొంగుతో మొఖం తుడుచుకున్నాను. ఆయన నా భుజం మీద రెండుసార్లు తట్టాడు. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. గోదావరి వంతెన మీద బస్సు కుదుపుకు మెలకువ వచ్చి చూస్తే, ఆయన కెమెరా తలకిందుగా పట్టుకుని నా వైపే పెట్టి ఉన్నాడు. నోరు తెరుచుకుని, జుట్టంతా రేగి, సీటు మీదికి ఒరిగిపోయి ఉన్నాను ఆ ఫొటోలో.

"ఛీ, తీసెయ్ నాయినా."

"తియ్యను. చిన్నప్పుడు గిట్లనే పండుకునేదానివి."

ఆ వారంలోనే ఇద్దరం ఆ తొలిచూలు తల్లి గూడేనికి నడిచి వెళ్లాం. మమ్మల్ని చూసి ఆమె లోపలికి పరుగెత్తి బిడ్డకు మళ్లీ ఆ పెద్ద చొక్కా తొడిగి తెచ్చింది. నాయిన కెమెరా తలకిందులుగా ఎత్తగానే చుట్టూ చేరిన ఆడవాళ్లు తమ మాటలో ఏదో అనుకుని పగలబడి నవ్వారు. తాతకు కెమెరా పట్టడం రాదనుకున్నారు. నవ్వుతున్న తల్లిని, ఏమీ తెలియక ఆమె ముక్కు పట్టుకున్న బిడ్డను ఆయన అలాగే తీశాడు. నేను తీసిన ఫొటోల్లో తల్లులందరూ ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లు. ఒక తల్లి అంత హాయిగా నవ్విన ఫొటో మా కార్డులో అదే మొదటిది.