గురువారం ఆగిపోయే కంప్యూటర్

మొన్న మస్కట్‌లోని అల్ హైల్‌లో కూరగాయలు కొనడానికి దిగుతూ కారులో మరిచిపోయిన ఫోను, నేను తిరిగి వచ్చేసరికి నల్లటి తెర మీద ఒకే ఒక్క మాట రాసి పెట్టుకుని ఉంది, వేడెక్కాను, కాస్త చల్లారనివ్వండి అని. ఇంత మర్యాదగా తన బాధ చెప్పుకునే వస్తువు నా చేతికి వచ్చి ఎన్నో ఏళ్లయినా, ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఘాలాలోని కంపెనీ క్యాంపు, ఆ క్యాంపులో మా రూమ్, ఆ రూమ్‌లో డెస్కు లేని మా డెస్క్‌టాప్ గుర్తుకొస్తాయి. ఈ వయసులో ఇంకేం దాచుకుంటాను గనక, నేరం ఒప్పుకునే ఉద్దేశంతోనే మొదలుపెడుతున్నాను.

ఆ రోజుల్లో నేను కంపెనీ స్టోర్‌కీపర్‌ని. ఆఫీసువాళ్లు పాతబడిపోయిందని పారేయబోతున్న కంప్యూటర్‌ని అడిగి తెచ్చుకున్నాను. తెర బియ్యం డ్రమ్ము మీద, పెట్టె నా మంచం కింద, మంచానికి అడ్డంగా పాత దుప్పటి తెర, ఇదీ మా కంప్యూటర్ సెంటరు. అందులో అప్పటికే ఉన్న వైరస్‌లు మా క్యాంపు జనాభా కంటే ఎక్కువని తేల్చి, మొత్తం తుడిచేసి విండోస్ బదులు ఊరికే దొరికే లైనక్స్ ఎక్కించినవాడు మా భాయ్. కడప మనిషి, ఏసీ మెకానిక్కు, నాకంటే నాలుగైదేళ్లు పెద్ద, మా వరసలోనే చివరి రూమ్‌లో ఉండేవాడు. పెద్దగా చదువుకోలేదు, కానీ తెరిచిన ప్రతి వస్తువూ ఆయనకు తన సంగతి తానే చెప్పుకునేది.

ఇప్పటివాళ్లకు నవ్వులాటగా ఉంటుంది గానీ, క్యాంపులో నెట్ లేకుండా లైనక్స్ సర్దుకోవడమంటే మాటలు కాదు. ఏ ప్రోగ్రాము కావాలన్నా భాయ్ శుక్రవారం నమాజు అయ్యాక బస్సెక్కి ఇంటర్నెట్ షాపుకు వెళ్లి పెన్‌డ్రైవ్‌లో తెచ్చేవాడు. తెచ్చి పెడితే అది ఇంకో ఫైలు లేనిదే లోపలికి రానని మొరాయించేది, ఆ ఇంకోటి మరో రెండింటిని పిలవమనేది, ఒక్కడిని భోజనానికి పిలిస్తే బంధువర్గం మొత్తానికి విస్తళ్లు వేయమన్నట్టు. తెలుగు అక్షరాల చోట డబ్బాలు కనిపించాయి, మూడు శుక్రవారాలకు ఆ డబ్బాలు అక్షరాలయ్యాయి. పాట వినిపించకపోతే స్పీకర్లు విప్పి, వైర్లు మార్చి, చివరికి లోపలెక్కడో శబ్దం నొక్కిపెట్టి ఉందని కనిపెట్టాడు. ఏం చేసినా ఆయనది ఒకటే పద్ధతి. ఒకసారికి ఒకటే మార్చేవాడు, మార్చే ముందు ఏసీ ఫిల్టరు అట్టపెట్టె ముక్క మీద పెన్సిలుతో రాసేవాడు, ఏం మార్చాం, ఏమైంది అని. రెండు ఒకేసారి మార్చబోతే నా చేతి మీద ఒక్కటి వేసేవాడు. “ఆత్రం వద్దప్పా, రెండు తిప్పితే దేనివల్ల నయమయ్యిందో ఎట్ల తెలుస్తుంది?” అనేవాడు. స్టోర్‌కీపర్‌నన్న మాటేగానీ, ఓపిక మాత్రం నా స్టాకులో ఉండేది కాదు.

ఇలా అంతా కుదిరాక, ఆ కంప్యూటర్ మీద మా ఇంట్లో ఒకరి బతుకు ఆధారపడే రోజు వచ్చింది. నా భార్య తమ్ముడు, అంటే నా బావమరిది, అదే కంపెనీలో కాంక్రీటు పోయడానికి చెక్క అచ్చులు కట్టే షట్టరింగు కార్పెంటరు. నేనే పిలిపించుకున్నాను. సైటులో పలక జారి నడుముకు దెబ్బ తగిలింది. ఇక బరువులు ఎత్తవద్దని డాక్టరు చెప్పేశాడు. బరువులెత్తని కార్పెంటరుతో కంపెనీకి ఏం పని? ఇంటికి పంపేస్తారన్న మాట వినిపిస్తుండగా, వాడు చేత్తో గీసే డ్రాయింగులు అదివరకే చూసిన సైట్ ఇంజనీరు ఒక దారి చూపాడు. నీళ్ల ట్యాంకు షట్టరింగు డ్రాయింగు కంప్యూటర్‌లో గీసి తెస్తే డ్రాయింగు రూమ్‌లో కూర్చోబెట్టమని మేనేజరుకు చెబుతాను, నెల గడువు అన్నాడు. గీతలు గీసే ఉచిత ప్రోగ్రాము భాయ్ తెచ్చిపెట్టాడు. అప్పటికి వాడికి సైటులో సామాను లెక్క చూసే డ్యూటీ, సెలవుకు ముందటి గురువారం సాయంత్రం, శుక్రవారం, అవే వాడికి దొరికే గంటలు.

సరిగ్గా గురువారం సాయంత్రమే ఆ కంప్యూటర్ ఆగిపోయేది. మిగతా వారమంతా మా వాళ్లు సినిమాలు చూసినా మొరాయించనిది, గురువారం గంటసేపు గీసేసరికి తెర నల్లబడిపోయేది. “బావా, మల్ల బందైంది!” అన్న కేక వంటగది దాకా వినిపించేది. గురువారాలు ఎమర్జెన్సీ పిలుపులతో భాయ్ ఊరంతా తిరుగుతుండేవాడు, కాబట్టి శుక్రవారం పొద్దున మా రూమ్‌లో దోసెలు తిన్నాకే పెట్టె విప్పేవాడు. మెమరీ ముక్కల్ని రబ్బరుతో రుద్దాడు, ఒక వారం. కరెంటు తీగ మార్చాడు, ఇంకో వారం. లోపలి దుమ్ము ఊదేశాడు, మరో వారం. శుక్రవారాలు నిక్షేపంగా నడిచి, గురువారం మళ్లీ అదే కథ. ఊరికే వచ్చింది కాబట్టి ఊరికే పోతోందని మా రూమ్‌వాళ్లు లైనక్స్‌ను ఆడిపోసుకున్నారు. గురువారం క్యాంపులో అందరూ ఒకేసారి ఇస్త్రీలు పెట్టడంవల్ల కరెంటు నీరసిస్తోందని నేను ఒక సిద్ధాంతం చెప్పాను. చాలా గంభీరంగానే చెప్పాను.

శనివారం డ్రాయింగు ఇవ్వాల్సిన ఆఖరి గురువారం అది రెండుసార్లు ఆగింది. రెండోసారి ఆ సాయంత్రం గీసిందంతా పోయింది. బావమరిది మౌసు పక్కకు నెట్టేశాడు. “అక్కకు నువ్వే చెప్పు బావా, ఇంటికి వస్తున్ననని,” అని మాత్రం అని, నడుం పట్టుకుని బయటి మెట్ల మీదికి వెళ్లి కూర్చున్నాడు. నేను భాయ్ కోసం పరుగెత్తి వెళ్తే, అదృష్టంకొద్దీ ఆయన అప్పుడే బస్సు దిగుతున్నాడు. టూల్‌బ్యాగు కూడా దించకుండా వచ్చి కంప్యూటర్ వేసి, నల్ల తెర మీద తెల్లక్షరాలు వరసలు వరసలుగా రప్పించాడు. ఆగిపోయే ముందు అది రాసుకున్న డైరీ అట. అంత ఇంగ్లీషు నాకే సగం అర్థం కాలేదు. ఆయన వేలు ఒక్క మాట దగ్గర ఆగింది. టెంపరేచర్.

“ఈ ఒక్క మాట సదివే ఇరవై ఏండ్లుగా అన్నం తింటాండా,” అన్నాడు.

ఆ తర్వాత ఆయన తెర వంక చూడలేదు. ఏసీ దగ్గర చేసినట్టే గాలి వస్తోందా లేదా అని అరచేయి చాపి, దుప్పటి తెర పక్కనుంచి పెట్టె వెనక్కి పోనిచ్చాడు. చేతికి గాలి తగల్లేదు. తువ్వాలు చుట్టిన గిన్నె తగిలింది.

“ఏందప్పా ఇది? దీని ముక్కు మూసి పెట్టినారే!”

“అదీ... పిండి భాయ్,” అన్నాను.

దోసెల పిండి. ఆ ఎండలకు బయట పెడితే అరపూటలోనే పొంగి పొర్లిపోయేది, రూమ్‌లో పెడితే ఏసీ చలికి ముడుచుకుని పడుకునేది. పెట్టె వెనక నుంచి వచ్చే వెచ్చని గాలి ఊరికే పోతోంది కదా అని నా స్టోర్‌కీపరు బుర్రకు తోచింది. ప్రతి గురువారం డ్యూటీ దిగగానే రుబ్బి, తువ్వాలు చుట్టి, గాలి బయటికి పోకుండా గట్టిగా ఆనించి పెట్టేవాణ్ని. శుక్రవారం పొద్దున్నే తీసి దోసెలు పోసేవాణ్ని. సాక్ష్యాన్ని వారం వారం భాయ్ చేతే తినిపించి, ఆ తర్వాతే ఆయన చేత పెట్టె విప్పించానన్నమాట.

ఆయన నవ్వుతాడనుకున్నాను, తిట్టినా పడేవాణ్ని. తలుపు వంక చూశాడు. బావమరిది ఇంకా మెట్ల మీదే ఉన్నాడు. చప్పుడు చేయకుండా గిన్నె నా చేతికిచ్చి, వంటగది వైపు కళ్లతోనే చూపించాడు. నేను పెట్టి వచ్చేసరికి వాణ్ని పిలిచి, అట్టముక్క మీద రాస్తున్నాడు. “వెనక గాలి ఆడలేదు. ఇప్పుడు ఆడుతోంది.” అంతే. ఎవరివల్ల అన్నది ఆ అట్ట మీద లేదు. “కూసో నాయనా, ఇంక ఆగదు,” అని వాడి పక్కనే డ్రమ్ము మూత మీద కూర్చుని, గీసిన ప్రతి గీతకూ సేవ్ నొక్కించాడు.

ఆగలేదు. శుక్రవారం సాయంత్రానికి ట్యాంకు పూర్తయింది. శనివారం ఇంజనీరు ఆ కాగితాన్ని ఒక చోట ఎర్ర పెన్నుతో దిద్ది, మేనేజరు గదిలోకి పట్టుకెళ్లాడు. ఆ రోజు డ్రాయింగు రూమ్‌లో కూర్చున్న నా బావమరిది ఇప్పటికీ మస్కట్‌లో కంప్యూటర్ ముందే ఉన్నాడు, వాడి కింద నలుగురున్నారు.

భాయ్ కడప వెళ్లిపోయి చాలాకాలమైంది. ఇప్పుడు ఏది ఆగినా షాపుకు తీసుకెళితే, విప్పకుండానే కొత్తది కొనమంటారు. తప్పేం లేదు, వస్తువులే విప్పడానికి వీల్లేకుండా వస్తున్నాయి. తమ జబ్బేమిటో అవే చెప్పేస్తున్నాయి కూడా. కానీ ఎవరి తప్పో కనిపెట్టి, దాన్ని రాయకుండా వదిలేసే మనుషులు ఇప్పుడెంతమంది ఉన్నారో నాకు తెలియదు.

మా బావమరిది కలిసినప్పుడల్లా ఒక మాటంటాడు. “ఏమైందో గాని బావా, నా నౌకరి మారినకాడికెల్లి నీ దోసెలు పొంగుతలేవు.” వయసు మీద పడిందిరా అని నవ్వేస్తాను. మొన్న కారులో ఆ ఫోనును అరచేతిలో పట్టుకుని, చల్లారేదాకా అలాగే కూర్చున్నాను. వెచ్చగా, సరిగ్గా ఒక గిన్నెడు పిండికి సరిపోయేటంత వెచ్చగా ఉంది.