బూట్ల బాబాయి పాదయాత్ర

చెప్పుల షాపులో సేల్స్‌మన్‌ని అందరూ బాబాయ్ అనేవారు. ఉద్యోగమంతా చిన్న స్టూలు మీద కూర్చుని ఊరందరి పాదాలూ ఒళ్లో పెట్టుకున్న మనిషి. సొంత పాదాలతో మాత్రం బస్టాపు దాటి నడిచిన పాపాన పోలేదు. బూటు బిగుతుగా ఉందని ఎవరైనా మొహం మాడ్చుకుంటే, "రెండ్రోజులు వేసుకోండి, అదే సాగుతుంది" అనేవాడు. అంతమందికి అన్నేళ్లు చెప్పేసరికి, పాపం, చివరికి తనే నమ్మేశాడు.

భార్య ఆసుపత్రి పాలైనప్పుడు కంగారులో ఆయన ఒక మొక్కు మొక్కుకున్నాడు. ఆవిడ కోలుకుంటే పక్క దేశంలో ఉన్న పుణ్యక్షేత్రానికి ఇంటి గుమ్మం నుంచి నడిచే వస్తానని. దేవుడికి ఆయన మోకాళ్ల సంగతి తెలియదు కాబోలు, వెంటనే ఒప్పేసుకున్నాడు. ఆవిడ కోలుకుంది, తనూ వస్తానంది. డాక్టరు సరేనన్నాడు గానీ బాబాయికే నమ్మకం లేదు. ఆవిడ దగ్గితే చాలు, గుండె జారిపోయేది. మొక్కు తప్పితే జబ్బు తిరగబెడుతుందని ఆయన భయం.

షాపులోకెల్లా ఖరీదైన బూట్లు పెట్టెలోంచి తీసి, అప్పటికప్పుడు తొడుక్కుని బయల్దేరాడు. ఆవిడ అరిగిన పాత చెప్పులు వేసుకుంటే చూసి జాలిపడ్డాడు కూడా. సాగాల్సిన బూట్లు సాగలేదు, మడమల మీద చర్మం మాత్రం ఊడొచ్చింది. అయినా దారిలో కనబడ్డ ప్రతి యాత్రికుడికీ పాదరక్షల ఎంపికపై ఉచిత ఉపన్యాసం ఇస్తూనే ఉన్నాడు.

సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర బూటు విప్పితే మేజోడు రక్తంతో అతుక్కుపోయి ఉంది. పాస్‌పోర్టులు చూసే అధికారి ఆ కాళ్లు చూసి, ముద్ర వేసి, బస్సు ఎక్కడ ఆగుతుందో చూపించాడు.

"ఎక్కండి," అంది భార్య.

"ఎక్కను. నీకేమన్నా అయితే?"

"మీ మడమలు ఊడితే నాకేమవుతుందండీ? మీరు బస్సులో వెళ్లండి. మిగతాది నేను నడుస్తా."

"నువ్వా? ఒక్కదానివేనా?"

"ఇన్ని రోజులూ మీ కోసం ఆగి ఆగి నడిచాను. దాంతోనే నా కాళ్లు లాగుతున్నాయి."

ఆయన వాదించాడు, అలిగాడు, చివరికి బూట్లు చేత్తో పట్టుకుని బస్సెక్కాడు. మొక్కు మంటగలిసిందని కుమిలిపోతూ కూర్చున్నాడు.

గంట తర్వాత గానీ బస్సు కదల్లేదు. ఎత్తెక్కే రోడ్డు మీద అది యాత్రికుల గుంపును దాటింది. అందరికన్నా ముందు ఆవిడే ఉంది. భుజాన సంచీతో, చేతులు విసురుగా ఊపుకుంటూ, పక్కావిడకి ఊపిరాడనివ్వకుండా కబుర్లు చెబుతోంది. ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపాడు. ఆవిడ చూడనైనా లేదు.

బాబాయి కిటికీకి తల ఆనించి ఏడ్చాడు. ఆవిడకి నిజంగా నయమైందని ఆయన నమ్మింది అప్పుడే.