ఊపిరి బిగబట్టిన ఇల్లు

మొన్న షాద్‌నగర్‌లో మా మనవరాలు ఫోన్‌లో ఏదో ఇంగ్లీషు కథ చదువుతూ, "అమ్మమ్మా, గీ వాక్యం జూడు, ఎంత మంచిగుందో!" అని నా ముందు పెట్టింది. కొండ మీద పొద్దు కాళ్ళు చాపుకుని కూర్చుందట. నేను కళ్ళజోడు సర్దుకునేలోపే తనే మురిసిపోయి లోపలికి వెళ్ళిపోయింది. పొద్దుకు కాళ్ళెక్కడివని అడగనేలేదు. ఆ వయసులో నేనైతే అడిగేదాన్ని. ఆ కాళ్ళకు చెప్పులున్నాయో లేవో నిఘంటువులో వెతికేదాన్ని కూడా.

అరవైల మొదట్లో నేను నల్గొండ బడిలో పదో తరగతి. ఊరి నుంచి రోజూ నడిచి వచ్చేదాన్ని. బాపు, అంటే మా నాన్న, గుట్ట దగ్గర రాళ్ళు కొట్టేవాడు. మా వాడలో అంతవరకు చదివిన ఆడపిల్ల లేదు కనుక, నేను పుస్తకాలు పట్టుకుని పోతుంటే ముసలివాళ్ళు కూడా తప్పుకుని దారి ఇచ్చేవారు. ఆ గౌరవమంతా ఇంగ్లీషు దగ్గర గంగలో కలిసేది. నా పద్ధతి ఒకటే: అట్టలేని నిఘంటువు ఒడిలో పెట్టుకుని ప్రతి మాటకూ అర్థం వెతకడం, పెన్సిలుతో దాని కిందే రాయడం, అన్నీ కలిపి చదవడం. మా పాఠంలో ఒక తల్లి యుద్ధానికి పోయిన కొడుకు కోసం ఎదురుచూస్తుంటుంది. ఒకరోజు టపా మనిషి గేటు తీస్తాడు. 'ఆ పాత ఇల్లు ఊపిరి బిగబట్టింది' అని ఉంటుంది అక్కడ. అర్ధసంవత్సర పరీక్షలో ఆ వాక్యాన్ని వివరించమన్నారు. ఆ ఇంట్లోవాళ్ళకు ఉబ్బసం ఉందనీ, వెంటనే దవాఖానకు తీసుకుపోవాలనీ నేను ఎంతో నమ్మకంగా రాశాను.

ఇంగ్లీషు సారు కోస్తా వైపు మనిషి. నా పేపరు తరగతిలో పైకి చదివి, "ఏమ్మా, మరి ఇంటికి ఏ మందు పోయిద్దామంటావు?" అన్నారు. పిల్లలు బల్లలు చరిచి నవ్వారు. మళ్ళీ తప్పితే బోర్డు వాళ్ళ పెద్ద పరీక్షకు పంపేది లేదని పెద్ద సారు కబురు చేశారు. ఆ మాట బాపుకు చెప్పాను. "పంపకుంటే నాతోని గుట్టకు రావాలె గద బిడ్డా" అన్నాడు. కోపంగా అంటే ఏడ్చేదాన్ని. మెల్లగా అన్నాడు, అందుకే ఏడుపు కూడా రాలేదు.

ఆ ఆదివారం బాపుకు సద్ది తీసుకుని గుట్టకు పోయాను. సుత్తె పక్కన పడేసి, చెమట తుడుచుకుంటూ కూర్చున్నాడు. "గీ రాయి నామీద అలిగింది బిడ్డా. పొద్దుగాల సంది కొడ్తున్న, ఉలుకు లేదు పలుకు లేదు" అన్నాడు.

నా బుద్ధి ఊరుకుంటుందా! "రాయి అలుగుతదా బాపూ? దానికి పానముంటదా?" అన్నాను.

"లేదని నాకెర్క లేదా పిచ్చిదానా! గట్టిగున్నదంటే నువ్వు సద్ది ఈడ పెట్టి పోతవ్. అలిగిందంటే నా తిప్పలేందో నీకు సమజైతది. మాట రాయిదే, తిప్పల నాది."

నేను అక్కడే నిలబడిపోయాను. ఊపిరి బిగబట్టింది ఇల్లు కాదు, ఆ తల్లి! ఉత్తరంలో ఏముందో తెలిసేదాకా ఆమె గుండె ఆగినంత పనైతే, రాసినాయన ఆ భయాన్ని గోడలకూ తలుపులకూ కూడా పంచాడు. ఇంటికి పరుగెత్తుకొచ్చి పాఠాన్ని మొదటి నుంచి చదివాను. ఈసారి నిఘంటువు తీయలేదు. టపా మనిషి గేటు తీసే దగ్గరికి వచ్చేసరికి తర్వాతి వాక్యాన్ని చేత్తో మూసేశాను. ఇంగ్లీషు నన్ను భయపెట్టడం కొత్త కాదు కానీ, కథ భయపెట్టడం అదే మొదలు.

పెద్ద పరీక్షకు ముందు బడిలోనే పెట్టిన చివరి పరీక్షలో ఎన్నడూ చూడని కథ ముక్క ఇచ్చారు. కొట్లాడుకుని విడిపోయిన ముగ్గురు అన్నదమ్ములు ఏళ్ళ తర్వాత ఒకచోట అన్నానికి కూర్చుంటారు. 'వాళ్ళతో పాటు మౌనం కూడా పీట వేసుకుంది' అన్నట్టుగా ఉంది అందులో. ఎప్పుడూ మొదటి మార్కు తెచ్చుకునే వకీలు గారమ్మాయి, మౌనం అనేది వాళ్ళింటికొచ్చిన చుట్టం పేరని రాసింది. నేను వచ్చీరాని ఇంగ్లీషులోనే రాశాను: అన్నదమ్ములకు మాట్లాడాలని ఉంది, ఎవరు ముందు నోరు తెరవాలో తెలియడం లేదు, అన్నం కంటే ఆ బాధనే ఎక్కువ మింగుతున్నారు.

సారు ఈసారి కూడా నా పేపరే తీసి చదివారు. "ఎవరు చెప్పారమ్మా నీకు?" అని అడిగారు.

"మా బాపు గిట్లనే మాట్లాడ్తడు సార్."

"ఆ రోజు నేను నిన్ను నవ్వులపాలు చేసి ఉండాల్సింది కాదు" అన్నారు ఆయన, తరగతి మొత్తానికీ వినబడేటట్టు. తర్వాత తనే ముందుగా చప్పట్లు కొట్టారు. ఆనాడు బల్లలు చరిచిన చేతులే ఆయన చప్పట్లకు తోడయ్యాయి.

ఆ సాయంత్రం బాపు వాడలోవాళ్ళందరినీ పిలిచి, అరుగు మీద నన్ను నిలబెట్టి, నేను రాసింది ఇంగ్లీషులోనే చదవమన్నాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, సరైన చోటే తల ఊపుతున్నట్టు ఊపుతూ మూడుసార్లు చదివించాడు. "ఆగకు బిడ్డా, ఇంగో పారి!" అన్నాడు నాలుగోసారికి.

పెద్ద పరీక్ష పాసయ్యాను. అదే నల్గొండలో రిటైరయ్యేదాకా ఇంగ్లీషు చెప్పాను. పిల్లలు తప్పు రాస్తే నవ్వలేదు. ఆ అరుగు లేదు, విన్నవాళ్ళలో చాలామంది లేరు, బాపు లేడు. నాకు డెబ్బై దాటి ఏళ్ళయింది గానీ, ఆ సాయంత్రానికి మాత్రం ఇంకా ఒక్కరోజు వయసు కూడా మీద పడలేదు.