కొండ నెర్ర

పదిహేనేళ్ళుగా దీన్ని మోస్తున్నాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో, మీకు చెప్పగలుగుతున్నాను.

నేను ఫోటోగ్రాఫర్ని. డిజిటల్ కెమెరా చేతికొచ్చిన కొత్తలో హెచ్.డి.ఆర్. పిచ్చి పట్టింది. ఒకే దృశ్యాన్ని మూడుసార్లు తీస్తాం: వెలుగు తక్కువగా ఒకటి, సరిగ్గా ఒకటి, ఎక్కువగా ఒకటి. కంప్యూటర్లో మూడూ కలిపితే ఆకాశంలో మబ్బులూ, నీడలో రాళ్ళూ ఒకేసారి కనిపిస్తాయి. హుకుంపేట అవతల, బండి వెళ్ళని ఒక ఊరి మీది కొండని అలాగే తీశాను. కలిపి చూస్తే నీడలోంచి ఒక నెర్ర బయటపడింది. కొండ నడుము పొడవునా, నల్లగా. అందం చెడగొట్టిందని విసుక్కుని, పక్కనున్న పచ్చదనాన్ని దాని మీద అద్ది మాయం చేశాను. ఆ ఫోటోకి పోటీలో మొదటి బహుమతి వచ్చింది. ఉన్నదేదీ చెరపకూడదన్నది ఆ పోటీ నియమం.

తరువాత ఒకరోజు సంతలో ఆ ఊరి చిలకమ్మ నన్ను గుర్తుపట్టింది. ఫోటోలు తీసిన రోజు నాకు అంబలి పోసిన మనిషి. కొండ విచ్చుకుంటోందని మండలాఫీసులో మొరపెట్టుకుంటే, ఎక్కి చూడ్డానికి ఎవరూ రాలేదట. ఆధారం తెమ్మన్నారట.

“బాబూ, ఆ నెర్ర నీ ఫోటోలో పడిందేటి? బేగి ఆపీసరుకి సూపించాల. నా గుంట ఆ కొండ కిందే తొంగుంటాది.”

“లేదమ్మా. కెమెరాకి చిక్కలేదు.”

అంత సులువుగా ఎలా వచ్చింది ఆ మాట? బహుమతి పోతుందనా, పేపర్లో నా పేరు చూసి మెచ్చుకున్నవాళ్ళ ముందు తల దించుకోవాల్సి వస్తుందనా, లేక ఈమె గోడు ఎవరు వింటార్లే అన్న చులకనా? అన్నీ అనుకుంటాను. ఇంటికెళ్ళి అసలు ఫోటోలు మూడూ తుడిచేశాను.

ఆ వానాకాలం కొండ జారింది. రెండు రోజులు మట్టి తవ్వి చిలకమ్మ కూతుర్ని బయటికి తీశారు. ఎనిమిదేళ్ళుంటాయి.

పరామర్శకి వెళ్ళాను. సిగ్గులేకుండా వెళ్ళాను. చిలకమ్మ నా చెయ్యి పట్టుకుని, కెమెరాకి చిక్కకపోతే నువ్వు మాత్రం ఏం చేస్తావు బాబూ అని నన్నే ఓదార్చింది.

చిక్కింది. మూడు ఫోటోలూ కలిపితే స్పష్టంగా కనిపించింది. నేనే చెరిపాను, నేనే అబద్ధమాడాను. ఆమె ఇంకా ఉంది. ఈ మాట ఆమెకి చెప్పలేదు, చెబుతానన్న నమ్మకమూ లేదు. రాసేశాక మాత్రం, ఇన్నేళ్ళకి, ఊపిరి కాస్త లోపలిదాకా వెళ్ళింది.