మా అన్నయ్య విన్న వరస

మా అన్నయ్య దొరబాబు ఇక లేడన్న దుర్వార్త కాకినాడ నుంచి ఆయన పక్కింటావిడ ఫోనులో చెప్పింది. సామర్లకోటలో మా వంటింట్లో పప్పుకి తాలింపు పెడుతూ విన్నాను. "కాఫీ ఇద్దామని వెళ్ళానండి. తలుపు దగ్గరగా వేసే ఉందండి. ఎంత పిలిచినా పలకలేదండి," అంది. పొయ్యి కట్టేశాను. దుఃఖం వెంటనే రాలేదు, దానికంటే ముందు కోపం వచ్చింది. నేను బస్సెక్కి కాకినాడ చేరేలోపే, ఆయన గుమ్మం తొక్కి ఏళ్ళయినవాళ్ళు తమ ఫోన్లలో ఆయన ఫోటోకి దండలు వేసి, "మా సంగీత గురువుగారికి అశ్రునివాళి" అని రాసేసుకున్నారు. ఏం అశ్రువులండీ అవి? ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకున్నారు?

సంస్మరణ వ్యాసంలో ఇలా రాయకూడదట. దివంగతుల సద్గుణాలను కీర్తించడం, బతికున్నవారి దోషాలను కప్పిపుచ్చడం సంప్రదాయమట. నాకు ఆ విద్య అబ్బలేదు.

అన్నయ్య ఓడరేవులో, సరుకుల ఓడలకు కాగితాలు సిద్ధం చేసే ఒక ఆఫీసులో గుమాస్తాగా పనిచేశాడు. ఎనభైల్లో ఒకనాడు ఓ విదేశీ నావికుడు, తన ఓడ బయల్దేరే ముందు, స్నేహానికి గుర్తుగా ఆయన చేతిలో ఒక క్యాసెట్టు పెట్టాడు. దానిమీద పెన్నుతో రాసిన బ్యాండు పేరు తప్ప పాటల పేర్లు కూడా లేవు. అది ఇంగ్లండు కుర్రాళ్ళ పాప్ బ్యాండు. ఆ బాణీని న్యూవేవ్ అనేవారని తర్వాత తెలిసింది. డ్రమ్ము మనిషి కొట్టినట్టు కాక గడియారం కొట్టినట్టుండేది. పాడేవాడు ఎవరిమీదో అలిగి పాడుతున్నట్టుండేది. మా అమ్మ ఒకరోజు విని, "పాపం, ఆ అబ్బాయికి పడిశం పట్టిందేమోరా. మిరియాల పాలు తాగమను," అంది.

"పడిశం కాదే అమ్మా, బెంగ," అన్నాడు అన్నయ్య.

"మన దేశాన్నేలినోళ్ళకి బెంగేంట్రా!" అంది అమ్మ.

ఆ బెంగే అన్నయ్య జీవితాన్ని సంపూర్ణంగా ఆక్రమించింది. ఆయన బ్రహ్మచారిగా మిగిలిపోవడానికి ఆ బ్యాండే కారణమని బంధువులు ప్రచారం చేశారు. శుద్ధ అబద్ధం. ఆయనకు ఎవరితోనూ అరగంట మించి పడేది కాదు, అదీ అసలు కారణం.

ఆ క్యాసెట్టుకి కాపీలు, ఆ కాపీలకి కాపీలు పుట్టి, రాజమండ్రి దాకా, భీమవరం దాకా పాకాయి. అలా పోగైన అభిమానులతో అన్నయ్య ఇంట్లో ఆదివారం సభ మొదలైంది. తర్వాత ఆ బ్యాండు మిగతా ఆల్బమ్‌లన్నీ ఒక్కొక్కటిగా సంపాదించాడు. నియమాలు కఠోరంగా ఉండేవి. పెసరట్టు తిని, చేతులు కడుక్కుని కూర్చోవాలి. ఒక ఆల్బమ్ ఆద్యంతం వినాలి. ఒక్క పాటనీ దాటవేయకూడదు, మధ్యలో నోరు మెదపకూడదు. అయ్యాక ప్రతివారూ అందులో ఒక లోపం చెప్పి తీరాలి. "బాగుంది అనడానికి చెవులెందుకండీ? బాగోలేనిదేంటో చెప్పండి, అప్పుడు నమ్ముతాను మీరు విన్నారని," అనేవాడు.

భీమవరం నుంచి వచ్చే రొయ్యల వ్యాపారి రాజు గారు ఒకసారి ఎంత ఆలోచించినా లోపం తోచక, "పెసరట్టులో అల్లం తక్కువైందండి," అన్నారు. అన్నయ్య ఆయన్ని కదలనివ్వకుండా కూర్చోబెట్టి, ఆల్బమంతా మళ్ళీ మొదటి నుంచి వినిపించాడు. పాపం, పెద్దమనిషి కిక్కురుమనకుండా విన్నారు. ఆ పెసరట్లు పోసింది నేనే. అల్లం తక్కువేమీ కాలేదు.

ఇక మా అందరికీ జరిగిన పొరపాటు గురించి చెప్పాలి. ఆ నావికుడు తన క్యాసెట్టులోకి పాటలు ఎక్కించుకున్నప్పుడు, ఆల్బమ్ రికార్డు రెండో వైపును ముందు, మొదటి వైపును తర్వాత ఎక్కించాడు. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. అసలు ఆల్బమ్ ఉత్సాహంగా మొదలై దిగులుగా ముగుస్తుందట. మేం విన్నది దిగులుతో మొదలై ఉత్సాహంతో ముగిసేది. గోదావరి జిల్లాల్లో దాన్ని విన్న ప్రతివాడూ తలకిందులుగానే విన్నాడు, తలకిందులుగానే ప్రేమించాడు. అమ్మ పోయిన ఏడాది అన్నయ్య ఆ ఒక్క ఆల్బమ్ పట్టుకునే గట్టెక్కాడు. చివరి పాట వచ్చేసరికి లేచి మొహం కడుక్కుని ఆఫీసుకి వెళ్ళేవాడు.

కొన్నేళ్ళ క్రితం ఆ ఆల్బమ్‌ని రికార్డుగా మళ్ళీ విడుదల చేశారు. బ్యాంకు మేనేజరుగా రిటైరైన మూర్తి గారు, సభ మొదలైన నాటి నుంచీ ఉన్న మనిషి, దాన్ని తెప్పించి పరుగున తెచ్చారు. "దొరబాబు గారూ, ఘోరమండి! ఇన్నేళ్ళూ మనం తప్పు విన్నామండి!"

"తప్పేంటండీ? అది వింటూ మీరు ఏడవలేదా?"

"ఏడ్చాననుకోండి. కానీ చేసినవాళ్ళు పెట్టిన వరస ఇది కదండీ?"

"అది వాళ్ళు పెట్టుకున్న వరస. మనం బతికింది మన వరసలో."

"అదేం మొండితనమండీ బాబూ!"

"మొండితనమే. ఈ ఇంట్లో మాత్రం ఇదే వరస. ఇష్టమైతే కూర్చోండి."

ఆ చివరి మాట అనకుండా ఉంటే బాగుండేది. నోటి దురుసు ఆయనకు పుట్టుకతో వచ్చింది. మరుసటి ఆదివారం నుంచి మూర్తి గారింట్లో ఏసీ గదిలో, కొత్త స్పీకర్లతో, సరైన వరసలో వేరే సభ మొదలైంది. ఒక్కొక్కరే అటు జారుకున్నారు. లోపాలు చెప్పే పని అక్కడ లేదట, అదింకా హాయి కదా!

అన్నయ్య మాత్రం ఆదివారం ఉదయమే కుర్చీలు వేసేవాడు. నేను రైలెక్కి వెళ్ళి ఒక కుర్చీలో కూర్చునేదాన్ని. ఏదో ఒక లోపం చెప్పేదాన్ని. "చిట్టీ, నువ్వు పాట విని చెప్పట్లేదే, నా మొహం చూసి చెప్తున్నావు," అని విసుక్కునేవాడు. నేను ఆయనకు చాలను. ఆ సంగతి నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

గుండె జబ్బు ముదిరి గడప దాటలేని స్థితికి వచ్చాక, ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే. పాతవాళ్ళందరూ ఒక్కసారి ఆ గదిలో కూర్చోవాలి. కానీ నన్ను ఫోను చేయనిచ్చేవాడు కాదు. "బతిమాలితే వచ్చేవాళ్ళు వినడానికి రారే. రోగిని చూడ్డానికొస్తారు," అన్నాడు. నేను ఆయనకు తెలియకుండా మూర్తి గారికి చేశాను.

"అయ్యో, తప్పకుండా వస్తామండి, ఆయ్," అని నవ్వారాయన. "ముందు ఆ వరస తప్పని మీ అన్నయ్యగార్ని ఒప్పుకోమనండి."

పరిహాసానికే అన్నారేమో, నాకు తెలియదు. వాళ్ళు మాత్రం రాలేదు. ఒక్కరంటే ఒక్కరు రాలేదు.

నిన్న మూర్తి గారి సభవాళ్ళే ఫంక్షన్ హాల్లో సంతాపసభ పెట్టారు. ఈ వేదిక కట్టే ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందో! గేటు దగ్గర నిలువెత్తు ఫ్లెక్సీ, అందులో అన్నయ్య పక్కన ఆ ఇంగ్లండు కుర్రాళ్ళు. వక్తలు ఒకరి తర్వాత ఒకరు ఆయన్ని అజాతశత్రువన్నారు, మృదుభాషి అన్నారు. కూరగాయల బండివాడితో వంకాయ పుచ్చు గురించి వీధంతా వినబడేలా పోట్లాడిన మనిషిని! తర్వాత నివాళిగా ఆల్బమంతా వినిపించారు, వాళ్ళ సరైన వరసలోనే. రెండో పాటకే ఫోన్లు బయటికొచ్చాయి. భోజనాల వాసన తగిలేసరికి వెనక కుర్చీలు ఖాళీ అయ్యాయి.

నన్నూ రెండు మాటలు మాట్లాడమన్నారు. "మా అన్నయ్య మృదుభాషి కాదండి. మొండివాడు, అహంకారి, మాట తూలేవాడు. కానీ మీకోసం కుర్చీ వేసి కూర్చునేవాడు. మీరు రాలేదు," అని చెప్పి దిగిపోయాను. దానికీ చప్పట్లు కొట్టారు. సిగ్గుండక్కర్లేదా?

భోజనాలయ్యాక మూర్తి గారు నా దగ్గరికి వచ్చారు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించారు. "చిట్టెమ్మ గారూ, మీతో ఒక మాట చెప్పాలండి. ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నప్పుడు ఆ పాత వరసలోనే వింటానండి. కొత్తది నాకు ఎక్కలేదండి."

"ఎప్పట్నుంచండీ?"

"మొదట్నుంచీనండి."

"మా అన్నయ్యతో ఆ మాట చెప్పారా?"

ఆయన తల దించుకున్నారు. "ఎలా చెప్తామండీ? నలుగురిలో ఆయన ముందు ఓడిపోయినట్టుంటుంది కదండీ."

అన్నయ్యా, నీ ఆత్మకు శాంతి కలగాలని వేదికమీద అందరూ ప్రార్థించారు. నువ్వు శాంతంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు, అందుకే ఆ ప్రార్థన నాకు రాలేదు. నీలాంటి మనిషి ఈ నేలమీద మళ్ళీ పుట్టడు, నాకు మళ్ళీ అన్నయ్య దొరకడు. మూర్తి గారిది చిన్న తప్పేనని, పెద్దమనసుతో క్షమించమని బంధువులు నాకు నచ్చజెబుతున్నారు. ఆ ఒక్క మాట కోసం ఎదురుచూసింది నువ్వు. క్షమించే హక్కు నీది. నాది కాదు, నేను క్షమించను.