అమ్మ నోరు తెరిచిన పూట

సహోదరులారా, సహోదరీలారా, నేను చెప్పబోయేది పెద్ద అద్భుతం కాదు. మా అమ్మ మంచం మీద నుంచి లేచి నడవలేదు, మొన్న వానాకాలంలో ఆమెను పొందూరు మట్టిలో పెట్టి వచ్చాం. అయినా దేవుడు మా ఇంట చేసినది దాచుకోవడం తప్పనిపించి నిలబడ్డాను.

అమ్మ నలభై ఏళ్లు నూలు వడికింది. ఒక ఉదయం రాట్నం ముందే ఒరిగిపోయింది. శ్రీకాకుళం ఆసుపత్రిలో పక్షవాతం అన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పోయాయి. విజయనగరంలో నా బడి ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చేశాను. తమ్ముడు, అతని భార్య సువార్త, నేను వంతులు వేసుకుని పక్క మార్చాం, ఒళ్లు తుడిచాం, కాలూ చెయ్యీ వంచి చాచాం, ఇంత చేస్తే లేస్తుందనుకున్నాం. లేవలేదు సరికదా, ఇంటికొచ్చిన వారానికే తిండి మానేసింది! గంజి పట్టినా, అన్నం మెత్తగా పిసికి పెట్టినా పళ్లు బిగించి మొహం గోడవైపు తిప్పుకునేది. మింగడానికి అడ్డేమీ లేదనీ, ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వెయ్యాలనీ డాక్టరు చెప్పారు.

అమ్మకు బతకాలని లేదని నేను నమ్మేశాను. ఆమె మంచం పక్కనే మోకరించి, "ప్రభువా, ఇక తీసుకుపో, నావల్ల కాదు" అన్నాను. ఆమె కోసం అన్నానో, నా కోసం అన్నానో నాకు తెలుసు. ఆ తర్వాత బైబిలు తెరవలేకపోయాను. దుఃఖం గురించి నేను చదివిన పుస్తకాల్లో ఒక్క వాక్యమూ నాకు ఆసరా కాలేదు.

ఒక మధ్యాహ్నం గిన్నె పట్టుకుని వెళ్తుంటే సువార్త అడ్డం నిలబడింది.

"వదినా, మనం వంటింట్లో ఒకరెనకాల ఒకరు తినేసొచ్చి అత్త నోట్లో కుక్కతన్నాం. పార్ధన సెయ్యకుండా ఈవిడ ఎప్పుడైనా మెతుకు ముట్టినాదేటి?"

నిజమే. మా ఇంట్లో అమ్మ ప్రార్థన చేసేదాకా ఎవరి చెయ్యీ కంచంలోకి వెళ్లేది కాదు, చుట్టాలైనా ఆగాల్సిందే. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ సంగతే మరిచిపోయాం.

తమ్ముడు, "ఒసే, మాటే రాని మనిషి పార్ధనేటి సేస్తాది?" అన్నాడు.

"దేవుడికి నీలాగ సెవుడేటి? కూకో!"

అమ్మను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, నాలుగు కంచాలూ ఆమె ముందే పెట్టుకుని కూర్చున్నాం. ఆమె ఒక్కో కంచమూ చూసింది. కళ్లు మూసుకుంది. గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది, అందులో మాట లేదు, అది ఆగింది, మళ్లీ మొదలైంది, అన్నం చల్లారిపోయింది, మేము కదల్లేదు. ఆమె కళ్లు తెరిచాక ముగ్గురమూ ఆమేన్ అన్నాం. అమ్మ నోరు తెరిచింది! సువార్త ముద్దను నోట్లో పెట్టలేదు, ఎడమ చేతిలో పెట్టింది. సగం గుండెల మీద పడిపోయింది. మిగిలిన సగం అమ్మే తిన్నది.

గొట్టం అవసరం పడలేదు. ఆ తర్వాత పదమూడు నెలలు అమ్మ బతికింది. కుడి చెయ్యి తిరిగి రాలేదు. మాటలు నాలుగైదు వచ్చాయి, వాటిలో నా పేరు సగం ఉంది. రెండోసారి వచ్చిన పక్షవాతం ఆమెను తీసుకుపోయింది. నా దుఃఖం తీరిందని ఈ సంఘం ముందు అబద్ధం చెప్పను. కానీ అమ్మను తీసుకుపొమ్మని నేను ప్రార్థన చేసిన నాటి నుంచి నా మీద ఉన్న భారాన్ని దేవుడు తీశాడు, ఆయనకే మహిమ.

మీ ఇంట్లో కూడా మంచాన పడ్డ మనిషి ఉండి, అలసిపోయి మీరూ నాలాంటి మాట అని ఉంటే, సిగ్గుపడి ఆయనకు దూరంగా జరగకండి. ఆ మాట విని కూడా ఆయన నన్ను గెంటెయ్యలేదు. ఆయన్ని నమ్మండి. నేను అడిగింది ఇవ్వనందుకు ఆయనకు స్తోత్రం.