ఇరవై కాగితాల్లో ఒకే జవాబు

నాకు అక్షరాలు వచ్చేసరికి నలభై అయిదు దాటాయి. అప్పటికి ముప్పై ఏళ్ళుగా తాపీ పని చేస్తున్నాను. ముదిరాక వచ్చిన చదువు కాబట్టి, నింపాల్సిన కాగితం ఏది చూసినా నాకు పరీక్షలాగే కనబడేది. దానివల్ల మా చెల్లెలి కూతురికి చెడ్డ నష్టం చేశాను.

ఆ పిల్ల రాజాంలోని ఒక ఐటీఐలో తాపీ పని నేర్పే టీచరు. ఉద్యోగం చేస్తూనే పీజీ పూర్తిచేసి పీహెచ్‌డీలో చేరింది. బడికి వెళ్ళని మేస్త్రీలు పని ఎలా నేర్చుకున్నారన్నది ఆమె పరిశోధన. మా ఊరి మేస్త్రీలను అడిగి రాయమని ఇరవై ప్రశ్నపత్రాలు నా చేతిలో పెట్టింది.

"మావా, ఆళ్ళు సెప్పింది సెప్పినట్టే రాయాల. మంచీసెడ్డా నువ్వు సూడొద్దు," అంది.

మావాళ్ళు అప్పుడు భోగాపురం వైపు పనుల్లో ఉన్నారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక అందరినీ కూర్చోబెట్టాను. పని ఎలా నేర్చుకున్నారని అడిగాను.

"తన్నులు తిని నేర్సుకున్నామని రాస్తావేటి బావా? పిల్లకి మార్కులు తగ్గిపోవా?" అన్నాడొకడు.

"అచ్చరాలొచ్చిన కాడి నుంచీ బావ కలెక్టరయిపోనాడు. నువ్వే మంచిగా రాసీ," అన్నాడు ఇంకొకడు.

నాకూ అదే సబబనిపించింది. 'మా గురువుగారు దగ్గరుండి ఓర్పుగా నేర్పారు' అని ఇరవై కాగితాల మీదా రాశాను. ఆ పిల్ల నన్ను నమ్మి, చూడకుండానే వాటిని తన పరిశోధన గైడుకు ఇచ్చింది.

నెల తిరక్కుండా మా ఇంటికి వచ్చింది. కూర్చోలేదు.

"ఏటి మావా ఇది? అన్నిట్లోనూ ఒకటే జవాబు! నానే ఇంట్లో కూకుని రాసీసినానని గైడు గారు అంతన్నారు. సీటు తీసేత్తారట."

మర్నాడు ఆమెతో యూనివర్సిటీకి, గైడు గారి దగ్గరికి వెళ్ళాను.

"ఆ రాత నాది బాబూ. కాగితమియ్యండి, మీ ముందే రాత్తాను," అన్నాను.

ఆ జవాబే మళ్ళీ రాశాను. ఆయన దాని పక్కన పాత కాగితం పెట్టి, రెండు రాతలూ పోల్చి చూశాడు.

"సీటు ఉంటుంది. కానీ ఇవి పనికిరావు. ఈసారి ఆమే స్వయంగా వెళ్ళి, ఒక్కొక్కరినీ విడిగా అడగాలి."

ఆ పిల్లకు ఏడాది పోయింది. పోగొట్టింది నేను.

ఆ రోజు తిరిగొస్తూ బస్టాండులో ఆమె ఫోనులో రికార్డింగు పెట్టింది. "మొదట నువ్వే సెప్పు మావా."

చెప్పాను. నేను కట్టిన మొదటి గోడను మా మేస్త్రీ కాలితో తన్ని పడగొట్టాడు. తప్పేమిటో చెప్పలేదు. ఇటుకలు ఏరుకుని, వంకర ఎక్కడ వచ్చిందో వెతుక్కుంటూ మళ్ళీ కట్టాను. అలా నాలుగుసార్లు. తర్వాత నా దగ్గర పనికి చేరినవాళ్ళ గోడలు నేనూ తన్నాను. ఒకడు ఏడుస్తూ వెళ్ళిపోయాడు. మళ్ళీ తాపీ పట్టలేదట.

ఆమె ఫోను ఆపబోయింది. "ఈ ముక్క తీసీమంటావా మావా?"

"ఉంచు," అన్నాను.

మా బస్సు వచ్చింది. ఇంకా ప్రశ్నలు మిగిలే ఉన్నాయి. మేం లేవలేదు.